పాత జీపు ముందద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బీడింగు గారికి,

ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను గానీ, కుశలంగా ఉన్నది తమరొక్కరే. పగిలింది అద్దం. తడిసింది నా మోకాళ్ళు. తిట్లు తిన్నది అద్దాల షాపులో కుర్రాడు. ఇంత జరిగినా తమరి పేరు ఎక్కడా బయటికి రాలేదు, ఏ పెద్దమనిషీ తమరిని పిలిచి సంజాయిషీ అడగలేదు, అందుకని నలుగురూ చదివేలా రాయాల్సొచ్చింది.

మాది పాత మహీంద్రా ఎంఎం 540. పోయిన వానాకాలానికి ముందు కొత్త అద్దం వేయించాం. చలికాలం వచ్చేసరికి ఎడమచేతి వైపు కింది మూల నుంచి ఒక గీత బయల్దేరి నెమ్మదిగా పైకి పాకింది. చూసినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, "రాయి తగిలిందా?" అని. రాయి తగిలితే తగిలిన చోట చిన్న గుంట పడుతుంది కదండీ, దాని చుట్టూ నక్షత్రంలా గీతలుంటాయి. ఇక్కడ గుంటా లేదు, నక్షత్రమూ లేదు, పగులు తిన్నగా అంచు నుంచే మొదలైంది. అంటే బయటి నుంచి ఎవరూ కొట్టలేదు, లోపలి నుంచి ఫ్రేమే నొక్కింది. ఇనప ఫ్రేముకీ అద్దానికీ మధ్య కూర్చుని ఆ నొక్కుడంతా తన ఒంటిమీద వేసుకోవాల్సిన ఉద్యోగం ఎవరిదో తమరికి నేను చెప్పాలా?

అద్దానికి దక్కిన మర్యాద చూస్తే నాకే అసూయగా ఉంటుంది. 1903లో ఫ్రాన్సులో బెనెడిక్టస్ అనే కెమిస్టు ప్రయోగశాలలో ఒక గాజు ఫ్లాస్కు కింద పడి, పగిలి కూడా ముక్కలు విడిపోకుండా నిలిచిందట, లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర వాటిని పట్టుకుని ఉండటం వల్ల. లామినేటెడ్ గ్లాసు కథ అక్కడ మొదలై, 1909లో పేటెంటు దాకా వెళ్ళి, ఇప్పుడు రెండు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొరగా మన ముందు నిలబడింది. మోటారు వాహనాల రూల్సులో కూడా అద్దానికి సొంత నంబరుంది, రూల్ 100, ముందద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలని. తమరి గుండా ఎంత నీరు రావచ్చో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఆ వెసులుబాటుని తమరు నూటికి నూరు శాతం వాడుకున్నారు.

ఫ్రేము తప్పు కూడా ఉంది, ఒప్పుకుంటాను. యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి విల్లీస్ జీపు చేసినప్పుడు ముందద్దాన్ని బానెట్ మీదికి మడిచేలా పెట్టారంటే దానికొక లెక్కుంది. బండి ఎత్తు తగ్గుతుంది, ఓడలో సర్దడం తేలిక, ఎండకి అద్దం తళుక్కుమని శత్రువుకి ఆచూకీ ఇవ్వదు. 1940ల చివర్లో మన దేశంలో ఆ జీపుల అసెంబ్లీ మొదలైనప్పుడు ఆ మడత కూడా వెంట వచ్చింది. మన ఊళ్ళలో శత్రువులు ఎక్కడున్నారండీ, ఉన్నవల్లా పెళ్ళి ఊరేగింపులూ ఎన్నికల ప్రచారాలూ. జీపులో నిలబడ్డ ప్రతి అభ్యర్థీ ఒక చేత్తో దండం పెడుతూ రెండో చేత్తో ఆ ఫ్రేము పై పట్టీనే పట్టుకుని వేలాడాడు. గెలిచినవాళ్ళూ వేలాడారు, డిపాజిట్టు పోయినవాళ్ళూ వేలాడారు. ఇన్ని పార్టీల బరువు మోశాక ఏ ఫ్రేము మాత్రం నాలుగు మూలలూ సమంగా ఉంటుంది? దానికి తోడు దారులు. బొర్రా నుంచి కటికి జలపాతానికి జీపులు వెళ్ళే రాళ్ళబాట తెలుసుగా, ఒక చక్రం పైన, ఒక చక్రం గోతిలో, బాడీ మొత్తం తడిగుడ్డ పిండినట్టు మెలితిరుగుతుంది. అలాంటప్పుడు సాగి, నొక్కుకుని, మళ్ళీ యథాస్థానానికి రావడానికే కదా తమరిని పెట్టుకున్నది.

అసలు తమరిని కొనే తీరులోనే ఉంది తిరకాసంతా. విజయవాడ ఆటోనగర్‌లో అద్దం కోయించే చోట చూడాలి సందడి. పాత జీపుది బల్లపరుపు అద్దం కాబట్టి అట్టముక్క మీద కొలత గీసి తీసుకెళ్తే చాలు, లామినేటెడ్ షీటులోంచి కోసిచ్చేస్తారు. రెండు వైపులా గీత గీసి, విరిచి, మధ్య పొర మెత్తబడటానికి గీత వెంట స్పిరిట్ పోసి అంటిస్తే నీలం మంట పరుగెడుతుంది, అప్పుడు బ్లేడు పెట్టి లాగుతారు. పక్క షాపులవాళ్ళు కూడా టీ గ్లాసులతో వచ్చి నిలబడి చూస్తారు. (మధ్యలో ఒకాయన "కిటికీ అద్దం వేసేద్దాం సార్, సగం డబ్బుల్లో అయిపోద్ది" అన్నాడు. పగిలితే కత్తుల్లా మొహం మీదికి వచ్చే అద్దాన్ని సగం డబ్బులకి ఎందుకు, ఊరికే ఇచ్చినా వద్దు.) తమరి సంగతికొచ్చేసరికి సందడీ లేదు, మంటా లేదు. మూల వేలాడుతున్న చుట్టలోంచి అడుగుల లెక్కన కొలిచి కత్తెరతో కత్తిరించి ఇవ్వడమే. ఈపీడీఎం రబ్బరేనా అని అడిగితే "అదే సార్, ఒరిజినల్" అని జవాబు. ఎండకీ గాలికీ తట్టుకునేది ఈపీడీఎం. ఒరిజినల్ గారు ఏడాది తిరక్కుండానే బీటలు తీశారు.

బిగించిన రోజు వైభవం కూడా మనవి చేసుకుంటాను. తాడు పద్ధతి బాగానే నడిచింది, అందులో వంక పెట్టడానికి లేదు. అద్దం చుట్టూ తమరిని తొడిగి, తమరి గాడిలో నైలాన్ తాడు చుట్టూ పెట్టి, ఫ్రేములో ఆనించి, బయట ఒకడు అరచేత్తో నొక్కుతుంటే లోపల ఇంకొకడు తాడు లాగుతూ పోతాడు, తమరి పెదవి అంగుళం అంగుళం ఫ్రేము అంచు దాటి లోపలికి వచ్చి కూర్చుంటుంది. చూడ్డానికి ముచ్చటేసింది కూడా. అయితే ఇదంతా సబ్బు నీళ్ళతో చెయ్యాల్సిన పని. మేస్త్రి గ్రీజు రాశాడు. నూనె జిడ్డు తగిలితే తమరు ఉబ్బి మెత్తబడతారని ఆయనకి తెలియదో, తెలిసీ పోనిద్దూ అనుకున్నాడో. పైగా చుట్టుకొలత కంటే కాస్త ఎక్కువ పొడవు ఉంచి నొక్కి అతకాల్సింది పోయి, నాలుగు వేళ్ళు తక్కువైన తమరిని సాగదీసి మరీ ముడిపెట్టాడు. సాగదీసిన రబ్బరు ఊరుకుంటుందా, తమరు మీ అసలు సైజుకి వెళ్ళిపోయారు, మూలల్లో సందులు నాకు వదిలేసి.

ఆ సందుల్లో ఒకడు సిలికాన్ కుక్కాడు. వెనిగర్ వాసన వచ్చే రకం. అది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, ఇనుముకి అంతకంటే ఇష్టమైన భోజనం లేదు. మాస్టిక్ అని సందులు పూడ్చే, గట్టిపడని బంక ఉంటుంది, అది పెట్టమంటే "అది బస్సులకి సార్" అన్నాడు. వాన వెలిశాక కూడా తమరి పొట్టలో నీళ్ళు నిలవుండేవి, కింద ఫ్రేము చప్పుడు చేయకుండా తుప్పు పట్టేది, తుప్పు ఉబ్బేది, ఉబ్బిన తుప్పు అద్దం అంచుని పోట్లు పొడిచేది. పైకి మాత్రం తమరు నల్లగా నిగనిగలాడుతూ కూర్చున్నారు, షాంపూ కూడా పెట్టించుకున్నారు. తమరిని పీకి చూసేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. మా బావగారికి అయితే ఇప్పటికీ రాలేదు, ఆయన లెక్కలో తప్పంతా జీపుదే, అమ్మేసి మంచి కారు కొనుక్కోమంటాడు.

కాబట్టి కొత్తగా వచ్చే బీడింగు గారికి నా షరతులు ఇవి. తమరి కొలత అద్దం కొలతతో పాటే తీసుకుంటాను, పొడవు ఎక్కువైనా పర్వాలేదు, తక్కువైతే వాపసు. గ్రీజు డబ్బా ఆ రోజు షెడ్డులో ఉండదు, సబ్బు నేనే తెస్తాను. ఫ్రేము బల్ల మీద పరిచి నాలుగు మూలలూ ఆనుతున్నాయో లేదో చూశాకే, తుప్పు పట్టకుండా పూసే రెడ్ ఆక్సైడూ, పైన పెయింటూ ఆరాకే తమరికి ప్రవేశం. అద్దం అంచులు అరగదీయనిదే తమరి గాడిలోకి రాదు, ఆ మాత్రం మర్యాద నా వైపు నుంచి ఉంటుంది. ఎన్నికలు వస్తున్నాయి, జీపు ఎవరికీ ఇవ్వను. అడిగితే బ్రేకులు లేవని చెప్తాను.

ఇట్లు,
తమరి యజమాని అని పేపర్లలో ఉన్న వ్యక్తి

తా.క.: ఫ్రేముని టింకరింగు మేస్త్రి పట్టుకెళ్ళాడు. తుప్పు గీకాక ఎంత ఫ్రేము మిగులుతుందో చూసి అప్పుడు రేటు చెప్తానన్నాడు.