పాట ఎనిమిది లచ్చలు, ఒకటోసారి!

మొన్న పొద్దున్నే మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడింది. పైన పైడితల్లమ్మ ఫొటో, కింద మూడు దండాలు, మధ్యలో అసలు సంగతి: "గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. ఈసారి కూడా మన పంచాయతీ ఎన్నికను ఏకగ్రీవం చేసుకుందాం. గొడవలొద్దు. గాలిగోపురం పని మిగిలిపోయింది." పళ్ళు తోముకుని వచ్చేసరికి కింద చప్పట్లే చప్పట్లు.

ప్రజాస్వామ్యానికి ప్రమాదం అనగానే చదువుకున్నవాళ్ళకి వీధుల్లో ట్యాంకులూ, రేడియో స్టేషన్ పట్టుకున్న మిలిటరీ జనరలూ గుర్తొస్తారు. పాపం, ఎంత ఖర్చు! మా చీపురుపల్లి వైపు ఊళ్ళల్లో ఆ పని ఒక షామియానా, ఒక మైకు సెట్టు, రెండు బిందెల టీతో అయిపోతుంది.

2021 ఫిబ్రవరిలో ఎలా అయిందో కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆ ఏడు మా సర్పంచి పదవి ఆడవాళ్ళకి రిజర్వు అయింది. పదవికి వేలం రామాలయం అరుగు మీద. ఎక్కువ పాడినవాడి ఇంటావిడే ఏకగ్రీవం, పాట డబ్బు గుడికి. పాట పెట్టింది ఏటా చెరువు చేపలూ, దేవుడి మామిడితోటా, వినాయకుడి లడ్డూ పాడించే పెద్దమనిషే. అనుభవజ్ఞుడు. అలవాటు చొప్పున "చెరువు పాట మొదలు" అనేసి, నాలిక్కరుచుకుని "సర్పంచి పాట" అని దిద్దుకున్నాడు. పాడేవాళ్ళు నలుగురు. నలుగురూ మీసాలున్నవాళ్ళే. అరుగు మీద మచ్చుకి ఒక్క ఆడమనిషి లేదు. వాళ్ళంతా ఇళ్ళల్లో పొయ్యి దగ్గరున్నారు, తమలో ఎవరు సర్పంచి కాబోతున్నారో తెలియక.

"నాలుగు లచ్చలు!"

"నాలుగున్నర!"

"దేవుడి పనికి ఆ బేరాలేటి మావా? అయిదు సెప్పు!"

పశువుని కొనేముందు పళ్ళు పట్టి చూసినట్టు ఒకాయన అడిగాడు, "ఇంతకీ పంచాయతీకి ఫైనాన్సు డబ్బులు ఏడాదికి ఎంతొస్తాయి?" ఆ రోజు ఊరి అభివృద్ధి గురించి జరిగిన చర్చ అదొక్కటే. ఇంకొకాయన ఆరు దగ్గర ఆగి ఇంటికి ఫోన్ చేశాడు. పదవి ఆవిడది కదా, అడిగి పాడుతున్నాడు, పద్ధతి గల మనిషి అనుకున్నాం. "కూర ఏటొండినావు?" అని కనుక్కుని, ఫోన్ జేబులో పెట్టి, "ఏడు" అన్నాడు.

ఎనిమిది దగ్గర పాట కొట్టేశారు. కొబ్బరికాయ, డప్పులు. కొత్త సర్పంచి గారికి, అంటే ఆవిడ మొగుడికి, దండ వేశారు. ఫ్లెక్సీకి ఆవిడ ఫొటో కావాల్సొస్తే ఎవరి దగ్గరా లేదు. ఆధార్ కార్డు మీదది పెద్దది చేయించారు. ఎన్నికల్లో గెలిచిన మనిషి అంత భయంగా చూడటం నేనెక్కడా చూడలేదు.

ప్రభుత్వానికీ శాంతి అంటే ఇష్టమే. ఆ ఎన్నికలప్పుడే ఏకగ్రీవాలకి నజరానా ప్రకటించారు. జనాభా 2,000 లోపు అయితే 5 లక్షలు, 5,000 వరకు 10, 10,000 వరకు 15, ఆపైన 20. మాది రెండు వేలకి కొంచెం తక్కువ ఊరు. నోరు మూసుకున్నందుకు తలకి రెండువందల యాభై చిల్లర. పోటీ ఉంటే ఓటుకి అంతకంటే ఎక్కువే ముట్టేదని మా వీధి ముసలమ్మలు ఇప్పటికీ మనసు కష్టపెట్టుకుంటారు.

అదే చలికాలంలో మహారాష్ట్రలోని ఉమ్రాణేలో సర్పంచి పదవి పాట గుడి పేరు మీదే రెండు కోట్లు దాటింది. అక్కడి ఎన్నికల సంఘానికి రసజ్ఞత లేదు, ఎన్నికనే రద్దు చేసింది. మనం ఆ మోటుతనం నేర్చుకోలేదు. అయినా వేలాలు మనలాంటి పల్లెటూరి బైతులకే గానీ, పెద్ద ఊళ్ళల్లో పాట కూడా అక్కర్లేదు. 2024లో సూరత్ లోక్‌సభ స్థానంలో ఒకరి నామినేషన్ చెల్లలేదు, ఒక్కడు తప్ప మిగిలినవాళ్ళంతా విరమించుకున్నారు. అంత మహానగరంలో ఒక్కరి వేలికీ సిరా అంటకుండానే ఎంపీ తేలాడు. ఇక 2013లో సుప్రీంకోర్టు ఇప్పించిన నోటా సంగతంటారా? బ్యాలెట్టే లేనిచోట ఎక్కడ గుద్దుతారు? ఎవరూ వద్దనే హక్కుని కూడా లడ్డూతో పాటు పాడేసుకున్నాం. పంచాయతీలు 1993లో రాజ్యాంగంలోకి ఎక్కాయి. అక్కణ్ణుంచి దిగి మా అరుగెక్కడానికి ముప్పై ఏళ్ళు కూడా పట్టలేదు.

ఇంకో మాట. ఆ పాట అయ్యాక కూడా మా ఊళ్ళో ఒకావిడ నామినేషన్ వేసింది. డ్వాక్రా లీడరు. పదేళ్ళు సంఘం పుస్తకాలు రాసింది, బ్యాంకు మేనేజరు ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుని పది మందికి అప్పు ఇప్పించింది. రిజర్వేషన్ ఆడవాళ్ళకంటే ఆడవాళ్ళకే అనుకుంది, వెర్రిది. ఆ రాత్రి అయిదుగురు పెద్దలు వాళ్ళింటికి వెళ్ళారు. ఆవిడతో ఒక్క ముక్క మాట్లాడలేదు. నులకమంచం మీద కూర్చుని ఆవిడ పెనిమిటితో అన్నారు, "నీ ఇంటిది ఊరు మాట కాదంటాదేటి? రేపు నీ మడికి నీళ్ళెవుడు ఒదుల్తాడో మేమూ సూత్తాం." నామినేషన్లు వెనక్కి తీసుకునే ఆఖరి రోజు, మధ్యాహ్నం మూడింటికి ఇంకా పావుగంట ఉందనగా, ఆవిడ చేతే సంతకం పెట్టించారు.

గ్రీవం అంటే మెడ. ఆ ఏకైక మెడ ఆవిడది, పట్టుకున్న చేతులు అయిదు జతలు. దీనికి మళ్ళీ "ఆదర్శ గ్రామం" అని ఫ్లెక్సీ! ఏ శత్రుదేశమూ పంపలేదు వాళ్ళని. నా మావలు, నా బావలు. దొంగతనం చేసి దేవుడి చేత రసీదు రాయించిన సిగ్గులేని ముఖాలు. ఆ టీ తాగినవాళ్ళలో నేనూ ఉన్నాను. పంచదార ఎక్కువైందన్నాను గానీ ఇంకేమీ అనలేదు.

ఈ నాలుగు ముక్కలూ గ్రూపులోనే పెడదామని నిన్న రాత్రి కూర్చున్నాను. విజ్ఞప్తి కింద ఇంకో మెసేజ్ కనబడింది: "అభ్యంతరాలున్నవారు రేపు సాయంత్రంలోగా ఇక్కడే తెలియజేయగలరు." రాద్దామని వేలు పెడితే టైపు చేసే చోటే లేదు. అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపగలరట.