కింద నిలబడినవారి గురించి కూడా రాయవలసింది

2010లో బ్రిటన్ టెలివిజన్ ప్రతిభా పోటీ ‘బ్రిటన్స్ గాట్ టాలెంట్’లో గెలిచిన స్పెల్‌బౌండ్ జిమ్నాస్టుల బృందాన్ని, వారి గురించి నేను చదివిన ఒక వ్యాసం రాత్రికి రాత్రే పేరు తెచ్చుకున్నవారిగా వర్ణించింది. ఆ మాటతో నేను ఏకీభవించలేను. వారు టెలివిజన్ కోసం కూడిన బృందం కాదు, ఆక్రోబాటిక్ జిమ్నాస్టిక్స్‌లో ఏళ్ల తరబడి సాధన చేసిన క్రీడాకారులు. ఈ క్రీడ పోటీల్లో జంటలు, ముగ్గురు స్త్రీల జట్టు, నలుగురు పురుషుల జట్టు మాత్రమే ఉంటాయి కనుక, 13 మంది కలిసి ఒకరినొకరు గాలిలోకి విసురుతూ, అందుకుంటూ చేసిన ఆ ప్రదర్శనను వారు వేదిక కోసం ప్రత్యేకంగా కూర్చుకోవలసి వచ్చింది. కెమెరా ఎప్పుడూ పైకెగిరే చిన్నవారినే చూపుతుంది. కింద నిలబడి, వారి బరువును అరచేతులపైనా భుజాలపైనా మోస్తూ, క్షణకాలం కూడా తడబడకుండా అందుకునేవారిని ప్రేక్షకులు (నిజం చెప్పాలంటే మొదట్లో నేను కూడా) గమనించరు. వ్యాసంలోనూ వారి ఊసు లేదు. లక్ష పౌండ్ల బహుమతి గురించి అంత వివరంగా రాసిన రచయిత, ఒలింపిక్స్‌లో స్థానం లేని ఈ క్రీడకు చెందినవారే 2012 లండన్ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో ప్రదర్శన ఇచ్చిన విషయాన్ని ఒక్క వాక్యంలోనైనా ప్రస్తావించి ఉండవలసింది.