రీలు తెగితే సినిమా మొత్తం మళ్లీనా?

చెన్నై సాలిగ్రామంలోని ఓ డబ్బింగ్ థియేటర్‌లో ఈమధ్య మా కళ్లముందే జరిగిన సంగతి ఇది. తెలుగు డబ్బింగ్ ట్రాకులు 12 జీబీ, హైదరాబాద్‌లో మిక్సింగ్ చేసేవాళ్లకు పంపాలి. అప్‌లోడ్ స్పీడు 20 ఎంబీపీఎస్. లెక్క ప్రకారం గంటా ఇరవై నిమిషాలు. 93 శాతం దగ్గర కరెంటు ఇలా పోయి అలా వచ్చింది. యూపీఎస్ ఉంది కాబట్టి కంప్యూటర్ ఆగలేదు, రూటర్ మాత్రం ఆరి వెలిగింది. తెరమీద ఎర్ర అక్షరాలు, వాటి కింద సున్నా. "మళ్లీ మొదటికొచ్చింది సార్" అని ఇంజినీరు నవ్వాడు. అప్పటికి రాత్రి పదకొండు. అవతలి నుంచి ఒకటే ఫోన్లు, "పంపావా అన్నా?" అని.

నేరం నెట్ మీదకు తోసేయడం అందరికీ అలవాటైపోయింది. మేం ఒప్పుకోం. కరెంటు పోతుంది, సిగ్నల్ తెగుతుంది. అది తెలిసే వెబ్‌సైటు కట్టాలి.

నిజానికి ఈ ఊరికి ఇది కొత్త పాఠం కాదు. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో ఇక్కడి ల్యాబుల్లో వేసిన ప్రింట్లు రేకు డబ్బాల్లో రైలెక్కేవి. సినిమా అంతా ఒకే చుట్ట కాదు. వెయ్యి అడుగుల రీలు, పదకొండు నిమిషాల బొమ్మ, డబ్బా మీద నంబరు. ఏడో రీలు పాడైతే ఏడో రీలే వేయించుకునేవారు. పద్నాలుగు రీళ్లూ మళ్లీ వేయమంటే ల్యాబువాళ్లు తలుపేసుకునేవారు!

పెద్ద ఫైలుకూ అదే పద్ధతి. బ్రౌజరే దాన్ని ముక్కలుగా కోసి, నంబర్లు వేసి పంపుతుంది. మధ్యలో తెగితే "ఎంతవరకు అందింది?" అని సర్వర్‌ని అడిగి అక్కడి నుంచి అందుకుంటుంది. టస్ అనే ఓపెన్ ప్రోటోకాల్ (ఎవరైనా వాడుకోగల పద్ధతి) చేసేది ఇదే. ఫైళ్లు దాచుకునే అమెజాన్ ఆన్‌లైన్ గోదాం ఎస్3లో ముక్కల అప్‌లోడ్ 2010 నుంచీ ఉంది. అయినా బ్రౌజర్ నుంచి ఫైలు పంపే పద్ధతిని రాసిపెట్టిన 1995 నాటి ఆర్ఎఫ్‌సీ 1867 పత్రం కాలంలో లాగే ఫైలంతా ఒకే రిక్వెస్టులో కుక్కి పంపే సైట్లు ఇంకా ఉన్నాయంటే, వాటిని ఆఫీసు ఫైబర్ మీద, రెండు ఎంబీల ఫొటోతో టెస్ట్ చేసి వదిలేశారని అర్థం. చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు ఆఫీసుల్లో కోడ్ రాసేవాళ్లలో మన తెలుగు పిల్లలూ తక్కువేం కాదు. ఈ మాట వాళ్లకు కూడా.

ముక్కలు కోయగానే పని అయిపోదు. ఎస్3లో చివరిది తప్ప ప్రతి ముక్కా కనీసం 5 ఎంబీ ఉండాలి, మొత్తం ముక్కలు పది వేలు దాటకూడదు. అన్నీ 5 ఎంబీలే చేస్తే దాదాపు 50 జీబీ దగ్గర దారి మూసుకుపోతుంది. కాబట్టి ఫైలును బట్టి ముక్క సైజు పెరగాలి. సగంలో వదిలేసిన ముక్కల్ని ఊడ్చేయకపోతే వాటికీ బిల్లు పడుతూనే ఉంటుంది. ఇక సైజు పరిమితి సంగతి. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్ని ఎవరూ ముట్టుకోకపోతే, అది 1 ఎంబీ దాటిన ఫైలును 413 (మరీ పెద్దది) అనే ఎర్రర్ చూపించి వెనక్కి పంపుతుంది. పరిమితి ఎంతైనా ఫైలు ఎంచుకోగానే చెప్పాలి గానీ, గంట తిప్పించాక కాదు.

సైట్లు కట్టించుకునే సంస్థలు, ముఖ్యంగా ప్రజల డబ్బుతో కట్టించేవి, ఒప్పందంలో ఒక్క షరతు రాయాలి. అప్‌లోడ్ సగంలో ఉండగా నెట్ పీకేసి, పది నిమిషాల తర్వాత మళ్లీ పెట్టి చూపించాలి. ఆగినచోటి నుంచి కదిలితేనే చెక్కు మీద సంతకం.

సాలిగ్రామంలో ఆ రాత్రి రెండో ప్రయత్నమూ పోయింది. మర్నాడు సాయంత్రం హార్డ్ డిస్కును టిఫిన్ డబ్బా పక్కన బ్యాగులో పెట్టుకుని ఓ అసిస్టెంట్ కుర్రాడు చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు.