పొయ్యి ఆర్పమనే సందేశానికి నా జవాబు

'పొయ్యి ఆర్పండి, ఆసుపత్రి మరచిపోండి' అనే సందేశం మళ్లీ తిరుగుతోంది. బడి స్నేహితుల గ్రూపులో వచ్చింది, అపార్టుమెంటు గ్రూపులో వచ్చింది, చుట్టాల గ్రూపులో మా పెద్దమ్మ పంపింది. ప్రతిచోటా కింద దండాలు, 'అద్భుతం' అంటూ వ్యాఖ్యలు. అందులో ఉన్నది ఇదీ: వండిన తిండి చచ్చిన తిండి. పసిపిల్లలతో సహా ఇంటిల్లిపాదీ పచ్చి కూరగాయలు, పండ్లు, మొలకలు, గింజల పాలతోనే బతకాలి. పాలు, పెరుగు మానేయాలి. సబ్బు, పేస్టు, ఫినాయిల్, కుళాయి నీటిలోని క్లోరిన్ అన్నీ విషాలే. ప్రకృతి ఇచ్చినదేదీ హాని చేయదు.

పెద్దవాళ్లు తమ కంచంలో ఏం పెట్టుకుంటారన్నది వాళ్ల ఇష్టం. కానీ ఈసారి ఆ సందేశం కింద ఒక తల్లి, 'మా పాపకు తొమ్మిదో నెల, ఇప్పుడే మొదలుపెట్టవచ్చా?' అని అడిగింది. 'ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది' అని జవాబులు వచ్చాయి. ఇక ఊరుకోలేకపోయాను.

ముందు తేలిక విషయాలు. 'వండితే ఎంజైములు నశిస్తాయి.' నశిస్తాయి. పచ్చిగా తిన్నా కడుపులోని ఆమ్లంలో పడి నశిస్తాయి. వంకాయలోని ఎంజైములు వంకాయ పనుల కోసం ఉన్నాయి, మన అన్నం అరిగించడానికి కాదు. 'విటమిన్లన్నీ ఆవిరైపోతాయి' అన్నది సగం నిజం. సి విటమిన్ కొంత పోతుంది. అయితే టమాటాలోని లైకోపీన్, క్యారెట్‌లోని బీటా కెరోటిన్ ఉడికించి కాస్త నూనె తగిలిస్తేనే బాగా ఒంటబడతాయి. మన వంటలో నిజంగా జరిగే నష్టం ఒకటుంది: గంజి వార్చి పారబోసినప్పుడు బి1 విటమిన్ మోరీలోకి పోతుంది. ఆ ఒక్క మాట రాసి ఉంటే నేనే పదిమందికి పంపేదాన్ని. రాయలేదు.

'ఏ జంతువూ వండుకోదు.' అవును, అందుకే చింపాంజీ రోజుకు దాదాపు ఆరు గంటలు నములుతూ కూర్చుంటుంది. 'మన పూర్వీకులు పచ్చివే తిన్నారు.' ఏ పూర్వీకులు? అంబలి, గంజి, సంకటి, చద్దన్నం, ఇవన్నీ పొయ్యి మీద నుంచి దిగినవే. 'మైక్రోవేవ్‌లో పెడితే తిండిలో రేడియేషన్ మిగిలిపోతుంది.' మిగలదు. 'అల్యూమినియం గిన్నెలు వద్దు.' చింతపండు పులుసు, పచ్చళ్లు వాటిలో నిల్వ ఉంచవద్దన్నంత వరకు ఒప్పుకుంటాను.

'పప్పులు, దుంపలు, గింజలు నానబెట్టి పచ్చిగా తినండి' అన్న దగ్గర తేలికతనం పోయి ప్రమాదం మొదలవుతుంది. నాలుగైదు పచ్చి రాజ్మా గింజలు చాలు, కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకోవడానికి. అందులోని లెక్టిన్ అనే విషపదార్థం విరగాలంటే నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి తెర్లేలా ఉడికించాలి. కర్రపెండలంలో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది. పచ్చి కంద నోట్లో పెట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి శాస్త్రం అక్కరలేదు, కంద తరిగిన ఏ చేతినైనా అడగవచ్చు. దుంపలన్నిటినీ ఒకే గాటన కట్టి 'పచ్చిగా తినండి' అని రాసినవారు ఎప్పుడైనా కత్తిపీట ముందు కూర్చున్నారా?

ఇక మొలకలు. సందేశంలో వాటికి 'సజీవ అమృతం' అని పేరు. వెచ్చదనం, తడి, రెండు మూడు రోజుల వ్యవధి: గింజ మొలకెత్తడానికి కావలసినవి ఇవే, బాక్టీరియా పెరగడానికి కావలసినవీ ఇవే. 2011లో జర్మనీలో ఈ.కోలై బాక్టీరియా వ్యాధి చెలరేగి 3,800 మందికి పైగా జబ్బు పడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. వెదికితే చివరకు తేలింది మెంతి మొలకల దగ్గర. మెంతులు మన పోపులపెట్టెలో ఉండేవే, పురుగుమందులు చల్లి పాడుచేసిన వింత వస్తువు కాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు మొలకలు తినాలనుకుంటే బాగా ఆవిరి పట్టించి తినండి. గర్భిణులకు, పసివాళ్లకు, ముసలివాళ్లకు పచ్చి మొలకలు పెట్టకండి.

ఇప్పుడు ఆ తల్లి అడిగిన ప్రశ్న. సందేశంలో పిల్లల గురించి ఉన్నవి నాలుగు వాక్యాలే: 'ఆరో నెల నుంచి పండ్ల గుజ్జు, పచ్చికూరల రసం ఇవ్వండి. గేదెపాలు, ఆవుపాలు దూడల కోసం, బిడ్డల కోసం కాదు. బదులుగా బాదం పాలు, కొబ్బరి పాలు పట్టండి. తీపికి తేనె కలపండి.' ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా ఉన్నదున్నట్టు పాటిస్తే తొమ్మిది నెలల బిడ్డకు పనికిరాదు. పండ్ల గుజ్జు మిగతా తిండికి తోడుగా పెట్టవచ్చు, అదే తిండి కాకూడదు.

లెక్క చూడండి. తొమ్మిది నుంచి పదకొండు నెలల బిడ్డకు తల్లిపాలు కాక పైతిండి నుంచి రోజుకు సుమారు 300 కిలోక్యాలరీలు రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వంద గ్రాముల బొప్పాయిలో ఉండేవి దాదాపు 40. అంటే ఆ బిడ్డ రోజూ ముప్పావు కిలో బొప్పాయి తినాలి. ఒక్కసారికి పావు లీటరు కూడా పట్టని కడుపు అది. బిడ్డ కడుపు నిండుతుంది, ఏడుపు ఆపుతుంది, బరువు మాత్రం పెరగదు. మెత్తగా ఉడికిన పప్పన్నంలో ఒక చెంచా నెయ్యి వేస్తే ఆ నెయ్యి ఒక్కటే 45 కిలోక్యాలరీలు ఇస్తుంది. మన అమ్మమ్మలు బియ్యం, పెసరపప్పు వేయించి విసిరి ఉగ్గు కాచింది, రాగులు మొలకెత్తించి ఎండబెట్టి వేయించి జావ చేసింది ఇందుకే. మొలకెత్తిన రాగిపిండి జావను పలచగా ఉంచుతుంది, కాబట్టి అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది, బిడ్డ సులువుగా మింగుతుంది. మొలక విలువ తెలిసినవాళ్లే దాన్ని పొయ్యి మీద పెట్టారు. ప్రకృతి జీవనం పేరుతో ఆ తెలివినే చెత్తబుట్టలో వేయమంటున్నారు.

బాదం పాలంటే ఎక్కువ భాగం నీళ్లు. అవి తల్లిపాలకు గానీ, పాలకు గానీ ప్రత్యామ్నాయం కావు. తేనె ఏడాది నిండేదాకా నాకించనే కూడదు, బిడ్డ పుట్టిన నాడు కూడా. అందులో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బాక్టీరియా బీజాలు ఉండవచ్చు. మనం తింటే అవి ఏమీ చేయవు, పసివాళ్ల పేగుల్లో మాత్రం మొలకెత్తి విషాన్ని తయారు చేస్తాయి. బిడ్డ మెడ నిలపలేదు, పాలు తాగలేదు, ఊపిరి అందదు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది బి12 విటమిన్ గురించి రాసిన వాక్యం: 'బి12 మట్టిలో ఉంటుంది, కూరగాయలు మరీ కడగకుండా తింటే చాలు.' శాకాహార కుటుంబాల్లో బి12 వచ్చే దారి పాలు, పెరుగు, మజ్జిగ. అవి మానేసి మాత్ర కూడా వేసుకోని తల్లి పాలలోనూ అది చాలినంత ఉండదు. ఇది పాశ్చాత్యుల ప్రచారమని కొట్టేయడానికి లేదు. 1962లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు మన దక్షిణాది పసివాళ్లలోనే బి12 లోపాన్ని గుర్తించి లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. రక్తం తగ్గి పాలిపోతారు, వేళ్ల కణుపులు నల్లబడతాయి, నవ్వే బిడ్డ నవ్వడం మానేస్తుంది, కూర్చునే బిడ్డ కూర్చోలేదు, కొందరికి వణుకు మొదలవుతుంది. పిల్లల వైద్యులు ఇలాంటి బిడ్డలను ఈనాటికీ చూస్తున్నారు. బి12 ఇస్తే చాలామంది కోలుకుంటారు. కానీ మెదడు ఎదిగే నెలలు అవి. ఆలస్యమైతే లోటు మిగిలిపోవచ్చు.

కడగని కూరగాయలంటే ఏమిటో కూడా చెప్పుకుందాం. హైదరాబాదు దిగువన మూసీ మురుగునీటితో ఆకుకూరలు పండిస్తున్నారు. ఆ తోటకూరను కడగకుండా, ఉడికించకుండా పాపకు పెట్టాలా? పందుల నుంచి వచ్చే బద్దెపురుగు గుడ్లు మనుషుల మలంతో మట్టిలో కలిసి, పచ్చి ఆకుల మీదుగా, మాంసం ముట్టని ఇళ్లలోకి కూడా వస్తాయి. వాటిలోంచి వచ్చే పిల్లపురుగులు మెదడుకు చేరితే మూర్ఛలు వస్తాయి. ఈ దేశంలో మూర్ఛలకు ముఖ్య కారణాల్లో అదొకటి. బి12 కోసం మట్టి తినమని సలహా ఇవ్వడానికి ఏ మనిషికైనా చేతులెలా వచ్చాయి?

2019లో అమెరికాలోని ఫ్లోరిడాలో 18 నెలల పిల్లవాడు పోషకాహార లోపంతో చనిపోయాడు. తల్లిపాలు కాక అతనికి పెట్టింది పచ్చి పండ్లు, కూరగాయలే. చనిపోయేనాటికి ఎనిమిది కిలోలు కూడా లేడు. 2022లో కోర్టు తల్లికి యావజ్జీవ శిక్ష వేసింది. పెద్దవాళ్ల సంగతీ చూడండి. పచ్చితిండితోనే బతికేవారిపై జర్మనీ పరిశోధకులు 1999లో ప్రచురించిన అధ్యయనంలో, 45 ఏళ్లలోపు ఆడవాళ్లలో దాదాపు 30 శాతం మందికి నెలసరి దెబ్బతింది లేదా పూర్తిగా ఆగిపోయింది. సందేశంలో ఇది 'శరీరం శుద్ధి అయిందనడానికి గుర్తు'! కాదు, శరీరానికి తిండి చాలడం లేదనడానికి గుర్తు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలిన దేశంలో కూర్చుని, పిల్లల కంచంలోంచి ఇంకా ఏమేం తీసేయాలో చెబుతున్నారు.

జంతుహింస ఇష్టంలేక పాలు మానేసేవారి మీద నాకు గౌరవమే ఉంది. వాళ్లలో తెలిసినవాళ్లు పప్పులు ఉడికించుకుంటారు, బి12 మాత్ర వేసుకుంటారు, పిల్లలను వైద్యుడికి చూపించి పెంచుతారు. ఈ సందేశం వాళ్లను కూడా 'మాత్రలకు బానిసలు' అని తిట్టింది.

రసాయనాల సంగతికి వద్దాం. 'పేస్టులోని ఫ్లోరైడ్ ఎముకలను వంచేస్తుంది' అని రాసి, కింద వంకర కాళ్ల పిల్లవాడి ఫొటో పెట్టారు. అది నల్లగొండ ఫ్లోరోసిస్ ఫొటో. ఆ కాళ్లను వంచింది పేస్టు కాదు, ఫ్లోరైడ్ మితిమీరి ఉన్న బోరునీళ్లు. ఏ కర్మాగారమూ ముట్టుకోని, ఎవరూ ఏమీ కలపని, గ్రానైటు రాళ్ల మధ్య నుంచి వచ్చిన అచ్చమైన ప్రకృతి నీళ్లు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో ఈ జబ్బును 1937లోనే వైద్యులు నమోదు చేశారు. దాన్ని ఆపడానికి నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించిన పద్ధతి పేరే నల్లగొండ విధానం. అందులో వాడేవి పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి. ప్రకృతి వంచిన కాళ్లను చూపించి, వాటిని కాపాడటానికి వాడిన రసాయనాలనే నిందించడానికి ఎంత ధైర్యం ఉండాలి! తరాలు నడవలేకపోయిన ఊళ్ల బాధ అది. ఆ ఫొటోను ఇలా వాడటం నీచం.

'క్లోరిన్ వద్దు, తులసాకు వేసిన నీళ్లు చాలు.' 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రాణాలు తీసింది. అక్కడ తులసి కరవై కాదు. కుళాయి నీటిలో చివరి ఇంటిదాకా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మన ప్రమాణం చెబుతోంది. వాసన నచ్చకపోతే నీళ్లు కాచి చల్లార్చండి. అయ్యో, పొయ్యి ఆర్పేశారు కదా.

ఇక ఇల్లు శుభ్రం చేసే చిట్కాలు. నిమ్మరసం, వంటసోడా కలిపితే నురగ వస్తుంది, ఆ తరువాత మిగిలేది ఉప్పునీటి లాంటి ద్రావణం. రెండూ విడివిడిగా పనిచేస్తాయి, కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. కుంకుడుకాయ తలకు మంచిదే, నేనూ వాడతాను. బత్తాయి తొక్కలు, బెల్లం పులియబెట్టి చేసే ద్రవంతో నేల తుడవండి, తప్పులేదు. కానీ దాన్ని 'పాత కూల్‌డ్రింకు సీసాల్లో నిల్వ చేయండి' అని రాశారు. ఇంట్లో పిల్లలు కిరసనాయిలు, ఆసిడ్ తాగేయడం ఇలాంటి సీసాల వల్లే జరుగుతుంది. పైగా పులిసే ద్రవం మూత బిగించిన సీసాను పేల్చగలదు. ఇంటి రసాయనాల గురించి ఇన్ని పేజీలు రాసినవారు, బాత్రూము ఆసిడ్‌నూ బ్లీచింగ్ పొడినీ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుందన్న ఒక్క హెచ్చరిక చేయలేదు.

'సహజమైనది' అనగానే పిల్లల దగ్గరకు తెస్తున్నవాటిలో కర్పూరం, వేపనూనె ఉన్నాయి. కర్పూరం కొంచెం మింగినా పసివాళ్లకు మూర్ఛలు వస్తాయి. చిన్న జబ్బులకని వేపనూనె తాగించిన పసివాళ్లకు వాంతులు, మత్తు, మూర్ఛలు వచ్చిన సంగతిని మలేసియా వైద్యులు 1981లోనే రాశారు. ఆ పిల్లలు మన భారతీయ కుటుంబాలవాళ్లే.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. చివరి వరుసలో 'బీరువాలోంచి కలరా ఉండలు తీసిపారేయండి' అని ఉంది. 'కాన్సర్ వస్తుంది' అని వాళ్లు చెప్పిన కారణాన్ని నేను ఒప్పుకోను గానీ, ఆ మాట సరైనది. బాలింత ఉన్న ఇంట్లో అయితే మరీ సరైనది. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది, చూడటానికి తెలియదు. ఆ ఉండల మధ్య దాచిన పాత దుప్పట్లలో, గుడ్డల్లో అలాంటి బిడ్డను చుడితే ఆ ఆవిరికే రక్తకణాలు విరిగిపోయి కామెర్లు ముదురుతాయి. దాచిన బట్టలు తీసి, ఉతికి, ఎండలో బాగా ఆరవేసి వాడండి. బిడ్డ కళ్లు పచ్చబడినా, పాలిపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి, బీరువాలో కలరా ఉండలు ఉన్నాయని డాక్టరుకు మీరే చెప్పండి.