మహారాజశ్రీ పటకారు గారి దివ్యసముఖమునకు

అయ్యా,

ఎడమ చేతి చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని, కుడి చేత్తో రాసుకుంటున్న విన్నపం ఇది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గాని, మొదటి మాటే అబద్ధం కావడం నాకు ఇష్టం లేదు. తమరు కుశలమే. కొలిమి పక్క గోడకు బిగించిన కమ్మికి ఐదుగురూ కాళ్ళు చాపుకుని వేలాడుతున్నారు. కుశలం లేనిది నా కొడవలికి. అది ఇంకా పుట్టనే లేదు.

సంక్రాంతికి ముందు నేను తమ జోలికి వచ్చినవాణ్ణి కాను. పెరట్లో గడ్డి కోసుకోవడానికి నా చేత్తో నేను ఒక్క కొడవలి చేసుకోవాలనుకున్నాను, అంతే. పాత లారీ కమాను పట్టా సంపాదించాను. బొగ్గులు తెచ్చాను. తిత్తి ఊదే మనిషి లేడు కనుక చేత్తో తిప్పే గాలి పంకా బిగించాను. ఇనుమును పెట్టి కొట్టే దాగలికి బదులు రైలు పట్టా ముక్కతో సరిపెట్టుకున్నాను. ఇక పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటే చాలు అనుకున్నాను. "ఏదో ఒకటి" అన్న ఆ మాట తమ చెవిన పడిందని నాకు అప్పుడు తెలియదు.

కొట్లో పటకారు అడిగితే కుర్రవాడు పాలగిన్నె దించేది తెచ్చి ఇచ్చాడు. ఎర్రగా కాలిన ఇనుము పట్టుకోవాలి నాయనా అన్నాను. "ఇది కూడా వేడికే కదండీ" అన్నాడు. తర్కంలో తప్పు లేదు. చివరికి లోపలి గదిలోంచి పొడుగు కాడల ఇనప పటకారు ఒకటి దుమ్ము దులిపి తెచ్చి, అన్ని పనులకూ ఇదొక్కటే సరిపోతుందని అంటగట్టాడు. తమ పరివారంలో డబ్బు పెట్టి కొన్నది అదొక్కటే. దాన్ని పెద్దన్నగారు అని పిలుస్తున్నాను.

పెద్దన్నగారి దవడలు ఒకదానికొకటి సమానంగా నిలిచేది సుమారు 12 మిల్లీమీటర్ల మందం దగ్గర. నా కమాను పట్టా 8 మిల్లీమీటర్లు. దాన్ని పట్టుకోబోతే మూతి కొసలు మాత్రమే కలుస్తాయి, వెనక అంతా ఖాళీ. కాడలు రెండూ దగ్గరకు వచ్చేస్తాయి కనుక పిడికిలి బిగించడానికి చోటే మిగలదు. పోనీ 20 మిల్లీమీటర్ల చువ్వ పెడితే గొంతు దగ్గర కరుచుకుని, ముందుభాగం మొసలి నోరులా తెరుచుకుంటుంది. అంటే అన్ని పనులకూ ఒకటే అన్న మాట నిజమే. అన్ని పనులనూ ఒకేలా చెడగొడుతుంది.

మొదటి సమ్మెట దెబ్బకే కమాను పట్టా ముక్క మూతి కొసల మధ్య గిర్రున తిరిగింది. రెండో దెబ్బకు ఎగిరింది. జామచెట్టు కింద పరిచిన వడియాల గుడ్డ మీద పడి, తన ఆకారంలోనే కన్నం చేసుకుని అందులో పడుకుంది. ఇంట్లో ఆ తరువాత జరిగిన సంభాషణ తమకు అనవసరం.

అప్పుడు పక్క ఊళ్ళో కొలిమి పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. ఆయన గోడ మీద తమ బంధువులు ఇరవై మందికి తక్కువ లేరు. ఇదెందుకు తాతా అంటే గొడ్డలికి అన్నాడు, ఒక దవడ గొడ్డలి కన్నంలోకి దూరుతుందట. ఇదో అంటే గునపానికి. ఇదో అంటే నాగలి కర్రుకు. మూతి వంకర తిరిగిన ఇంకొకదాన్ని చూపిస్తే తిప్పి తిప్పి చూసి, "దేనికో మరిచిపోయాను బాబూ, ఆ పని వచ్చిన రోజు ఇదే గుర్తుచేస్తుంది" అన్నాడు. ఇవన్నీ ఎక్కడ కొన్నావని అడిగాను. "కొనడమేమిటి? వస్తువు వచ్చినప్పుడు దానికి తగ్గ నోరు చేసుకుంటాం." కర్రు సాగగొట్టినందుకు రైతులు ఏడాదికోసారి మేర గింజలు కొలిచేవారు గాని, ఆ కర్రును పట్టుకునే పటకారు చేసినందుకు పిడికెడు గింజలు కూడా ఎవరూ వెయ్యలేదని నవ్వాడు. తమ పోషణ ఖర్చు మొదటినుంచీ కమ్మరి ఖాతాలోనే ఉందన్నమాట.

నాకు ఒక అనుమానం మిగిలిపోయింది. పటకారు చెయ్యాలంటే కాలిన ఇనుమును పటకారుతో పట్టుకోవాలి. మరి మొట్టమొదటిదాన్ని దేనితో పట్టుకున్నారు? ఈ చిక్కు నాకొక్కడికే కాదు, యూదుల పాత సంప్రదాయంలోనూ ఉంది. సృష్టి జరిగిన ఆరో రోజు, విశ్రాంతి దినం మొదలయ్యే ముందు సంధ్యవేళ దేవుడు చేసిన వస్తువుల్లో మొదటి పటకారు కూడా ఒకటని అక్కడి పెద్దల్లో కొందరు చెప్పారు. వారం మొత్తం పని చేసి చివరి నిమిషంలో పనిముట్టు గుర్తుకు రావడం నాకు బాగా అర్థమయ్యే విషయం. తమకూ ఈ కథ నచ్చి ఉంటుంది. ఇంతటి దైవాంశ ఉందని తెలిస్తే ఎవరికి మాత్రం పొగరు రాదు?

పెద్దాయన మాత్రం ఆ గౌరవాన్ని ఒక్క మాటతో తీసేశాడు. "మూరెడున్నర చువ్వ తీసుకో. ఇవతలి కొస చల్లగానే ఉంటుంది, చేత్తో పట్టుకో. అవతలి కొసకు మూతి చెయ్యి. పని అయ్యాక కోసుకో."

అలా తమ తయారీ మొదలైంది. మూతి పొడవు గుర్తు పెట్టి, చువ్వను దాగలి అంచు మీద ఉంచి, సగం దెబ్బ దాగలి మీద, సగం బయట పడేలా కొట్టాలి. అక్కడ మెట్టు పడుతుంది. చువ్వను పావు చుట్టు తిప్పి, ఏటవాలుగా పెట్టి ఇంకో మెట్టు. ఆ రెండింటి మధ్య మిగిలిన మందమే కీలు. వెనక భాగాన్ని సాగదీస్తే కాడ. ఒక సగం చక్కగా వచ్చింది. రెండోది దానికి జత కావాలి కదా అని, చెప్పుల జతను తలచుకుని అటు తిప్పినదాన్ని ఇటు తిప్పి కొట్టాను. రెండు రోజుల పని. ఒకదాని మీద ఒకటి పెడితే తమరు కత్తెరలా దాటుకోలేదు. అలిగిన వియ్యంకుల్లా చెరొక వైపు చూస్తూ నిలబడ్డారు. తమ రెండు సగాలూ అచ్చం ఒకేలా ఉండాలట, రెండూ ఎడమ కాలి చెప్పులే కావాలట. ఈ ఒక్క సంగతి ముందే చెప్పి ఉంటే బస్తా బొగ్గులు మిగిలేవి.

రెండో ప్రయత్నం నా పౌరుషం వల్ల చెడింది, తమ తప్పు లేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయిన నేల ఇది. వెల్డింగు షాపుల్లో ఎం.ఎస్. అని పిలిచే మెత్త ఇనుముతో పటకారు చెయ్యడమేమిటని కమాను పట్టానే కోసి చేశాను. గట్టిగా వచ్చింది. పని చేస్తుంటే మూతి ఎర్రబడేది, అలవాటుగా నీళ్ళలో ముంచేవాణ్ణి. ఓ ఉదయం చేయి జారి నేల మీద పడింది. దవడ టప్పున ఊడింది. కమాను పట్టాలో కార్బన్ సుమారు అర శాతానికి పైనే. అది ఎర్రగా ఉన్నప్పుడు నీళ్ళలో పడితే గాజులా పెళుసవుతుంది. పావు శాతం కూడా లేని మెత్త ఇనుము మహా అయితే వంగుతుంది, మళ్ళీ కాల్చి సరిచేసుకోవచ్చు. రోజుకు వందసార్లు కాలి మునిగేవారికి మెతకతనమే తగునట. తమ మాటతీరు చూసి ఎవరూ అలా అనుకోరు.

మూడోసారి మెత్త ఇనుముతోనే చేశాను. రెండు సగాలనూ కీలు దగ్గర కలిపే రివిట్టు ఎర్రగా కాల్చి దిగగొట్టాను. కీలు బిగుసుకుపోయి, ఇద్దరు మనుషులు చెరొక కాడ లాగినా తెరుచుకోలేదు. నూనె పోశాను, తిట్టాను. కీలును ఎర్రగా కాల్చి, నీళ్ళలో పెట్టి చల్లారేదాకా తెరుస్తూ మూస్తూ ఉంటే వదులవుతుందని పెద్దాయన చెప్పేసరికి వారం గడిచింది. ఆ తరువాత అసలు ముచ్చట. మూతిని నారింజ రంగు దాకా కాల్చి, పట్టుకోవలసిన 8 మిల్లీమీటర్ల ముక్కనే చల్లగా ఉండగా దాని మధ్య పెట్టి, పై నుంచి సుత్తితో అదిమాను. కాడలను నా పిడికిలి కొలతకు వంచాను. ఆ సాయంత్రం తమరు ఆ ముక్కను పట్టుకున్న తీరు చూసి, నిజం చెప్పాలి, కాసేపు కొట్టడం మరిచిపోయాను. కాడల మీద ఇనప రింగు జరిపితే చేయి వదిలినా తమరు వదలలేదు.

కాని కొడవలి చెయ్యడమంటే ఇనుమును సాగదీయడమే కదా! 8 ఉన్నది గంటలో 4 అయింది. తమ పట్టు మళ్ళీ కొసలకే. దానికోసం ఇంకొకరు. పలచటి పట్టా పక్కకు జారుతోందని దవడ అంచులు మడిచి పెట్టెలా చేసిన మరొకరు. మధ్యలో గుండ్రటి చువ్వ పని ఒకటి తగిలింది, దానికి దవడల లోపల గాడి ఉన్నవారు. నేను ఇనుమును మార్చడానికే కొడుతున్నాను, మారిన ఇనుము మాత్రం తమకు గిట్టదు. పట్టూ విడుపూ తెలిసినవారని లోకమంతా అనుకునేది తమ గురించేనా?

ఇంతలో శ్రావణం వచ్చింది, గడ్డి మోకాలు దాటింది. నిన్న పక్కింటాయన సంతలో కొన్న కొడవలి పట్టుకుని వచ్చాడు. పిడి ఊడిందట, తోక కాల్చి పిడిలోకి దించి ఇమ్మన్నాడు. చేతికి వచ్చిన మొదటి గిరాకీ. ఐదుగురినీ వరసగా దించి ప్రయత్నించాను. ఆ అర్ధచంద్రపు వంపు దగ్గర ఒక్కరి నోరూ ఆనలేదు. పెద్దన్నగారైతే దాన్ని జారవిడిచి నా వేలి మీద వేశారు.

ఆరోవారి కోసం మూరెడున్నర చువ్వ ఇప్పుడు కొలిమిలో ఉంది. నారింజ దాటి పసుపులోకి తిరుగుతోంది, ఇంకా రాస్తూ కూర్చుంటే మాడిపోతుంది.

ఇట్లు,
తమ పట్టులో ఉన్న
అర కమ్మరి