పదకొండేళ్ల చేతికి సిగరెట్ ఎలా అందుతోంది?

ఓ ఆదివారం పొద్దున్నే మా అక్క ఫోన్ చేసింది. బట్టలు మెషీన్‌లో వేసే ముందు కొడుకు ప్యాంటు జేబులు తడిమితే లైటర్ దొరికిందట. "దేవుడి దగ్గర దీపం వెలిగించమంటే వంద సాకులు చెప్పేవాడు, వీడికి లైటర్‌తో ఏం పనిరా?" అంటూ ఏడ్చేసింది. వాడు ఇంటర్ రెండో సంవత్సరం. అప్పటికే మా బావ రెండు దెబ్బలు వేసి, వాడితో మాట్లాడటం మానేశాడు. బావ కూడా ఒకప్పుడు రోజుకో పెట్టె తాగినవాడే, కొన్నేళ్ల కిందట మానేశాడు.

ఆ సాయంత్రం వాణ్ని అలా నడుద్దాం రమ్మని బయటికి తీసుకెళ్లాను. ఎందుకు మొదలుపెట్టావురా అంటే చాలాసేపు నేల చూపులు చూశాడు. "కాలేజీ అయ్యాక అందరం టీ కొట్టు దగ్గర ఆగుతాం మామయ్యా. వాళ్ల చేతిలో సిగరెట్ ఉంటుంది. మనం ఒక్కళ్లమే ఊరికే నిలబడితే అదోలా ఉంటుంది" అన్నాడు. మరి క్యాన్సర్ వస్తుందని తెలియదా అని అడిగాను. "తెలుసు. సినిమాకెళ్లినప్పుడల్లా చూపిస్తారుగా" అన్నాడు.

ఆ రోజు నుంచి ఈ రెండు జవాబులూ నా బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. వాడికి విషయం తెలుసు. తెలిసినా ఆగలేదు. ఎందుకంటే మనం చెప్పే క్యాన్సర్ వాడికి యాభై ఏళ్లు వచ్చాక సంగతి. టీ కొట్టు దగ్గర అదోలా నిలబడటం మాత్రం ఈ రోజు సాయంత్రం ఐదున్నర సంగతి. పిల్లల పొగతాగుడు మాన్పించాలని మనం చేసే ప్రయత్నాలన్నీ ఆ యాభయ్యో ఏట చుట్టూనే తిరుగుతున్నాయి. ఐదున్నరకు ఏం జరుగుతోందో పట్టించుకునేవాళ్లు తక్కువ.

లెక్కలు చూస్తే పరిస్థితి ఇంకా ముందే మొదలవుతోందని అర్థమవుతుంది. 2019లో దేశవ్యాప్తంగా 13 నుంచి 15 ఏళ్ల బడి పిల్లలపై గ్లోబల్ యూత్ టొబాకో సర్వే నాలుగో విడత జరిగింది. అందులో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. అంతకు పదేళ్ల ముందు ఇదే సర్వేలో ఆ సంఖ్య 14.6 శాతం. అంటే బాగా తగ్గింది, అది మంచి కబురే. కానీ అదే సర్వేలో ఇంకో సంగతి ఉంది. సిగరెట్ తాగిన పిల్లల్లో 38 శాతం మంది పదేళ్లు నిండకముందే దాన్ని రుచి చూశారు. సగం మంది 11.5 ఏళ్లలోపే మొదలుపెట్టారు. బీడీలకు వస్తే ఆ వయసు 10.5, నమిలే పొగాకుకు 9.9.

పదకొండేళ్లంటే ఆరో తరగతి. మనం అవగాహన సదస్సు పెట్టేది ఎక్కడ? ఇంటర్ కాలేజీలో, డిగ్రీ కాలేజీలో. అదీ మే 31న, ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం నాడు. ఆ రోజు మన దగ్గర బడులకు వేసవి సెలవులు. 2004 నుంచి రెండేళ్లు ఢిల్లీ, చెన్నై నగరాల్లోని 32 బడుల్లో 'మైత్రి' అనే ప్రాజెక్టు నడిచింది. మొదట్లో తీసిన లెక్కల్లో ఎనిమిదో తరగతి పిల్లలకంటే ఆరో తరగతి పిల్లల్లోనే పొగాకు వాడకం ఎక్కువగా కనిపించింది. పరిశోధకులే ఆశ్చర్యపోయారు. ఆరో తరగతి నుంచే తోటి విద్యార్థుల చేత ఆటలు, చర్చలు పెట్టించి పాఠం చెప్పించిన బడుల్లో ఆ వాడకం అదుపులోకి వచ్చింది. ఇది మన దేశంలో, మన పక్క రాష్ట్రంలో రుజువైన పద్ధతి. ఇన్నేళ్లయినా మన బడుల్లో మామూలు పాఠంగా ఎందుకు మారలేదన్నది నాకిప్పటికీ అర్థం కాదు.

వయసు అంత ముఖ్యం కావడానికి కారణం నికోటిన్. ఒక దమ్ము లాగితే పది ఇరవై సెకన్లలో అది మెదడుకు చేరుతుంది. ఆవేశానికి కళ్లెం వేసే మెదడు ముందు భాగం పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆ ఎదిగే దశలో నికోటిన్ అలవాటైతే పట్టు గట్టిగా పడుతుంది, వదలడం కష్టమవుతుంది. ఒక్కటి తాగితే ఏమవుతుందిలే అనుకునేవాళ్ల కోసం ఇంకో లెక్క. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో రెండు లక్షల మందికి పైగా సమాచారాన్ని పరిశీలించారు. ఒక్క సిగరెట్ రుచి చూసినవాళ్లలో దాదాపు 69 శాతం మంది, కొంతకాలం పాటైనా, రోజూ తాగే దశకు చేరినట్టు అంచనా వేశారు.

చదువు టెన్షన్ పోతుందని తాగుతాం అంటారు పిల్లలు. ఆ మాటను కొట్టిపారేయకూడదు. వాళ్లకు నిజంగానే అలా అనిపిస్తుంది. ఎలాగంటే, తాగిన కాసేపటికి ఒంట్లో నికోటిన్ తగ్గుతూ వస్తుంది, చిరాకు మొదలవుతుంది, పుస్తకం మీద మనసు నిలవదు. మళ్లీ ఒకటి కాలిస్తే ఆ చిరాకు పోతుంది. దాంతో పరీక్ష టెన్షన్ పోయిందనుకుంటారు. నిజానికి పోయింది ముందు సిగరెట్ తెచ్చిపెట్టిన చిరాకు. పరీక్ష అక్కడే ఉంటుంది. మావాడికి ఈ మాట విడమరిచి చెప్పినప్పుడు మాత్రం తలెత్తి నా వైపు చూశాడు. క్యాన్సర్ గురించి చెప్పినంతసేపూ అలా చూడలేదు.

ఆ తర్వాత ఓ రోజు ఆ టీ కొట్టు దగ్గర నేనూ ఓ గంట కూర్చున్నాను. పక్కనే కిళ్లీ కొట్టు. గుంజకు దారంతో కట్టిన లైటర్ వేలాడుతోంది. దాని వెనకే గాజు సీసాల్లో చాక్లెట్లు, కొబ్బరి లడ్డూలు, ముందు వరసలో చిప్స్ ప్యాకెట్లు. యూనిఫాంలో వచ్చిన కుర్రాళ్లు ఐడీ కార్డు మెడలోంచి తీసి జేబులో కుక్కుకున్నారు. "అన్నా, రెండు" అంటే రెండిచ్చాడు. నలుగురూ ఆ రెండింటినే మార్చి మార్చి లాగారు. చివర్లో చూయింగ్ గమ్, వేళ్లకు వాసన రాకుండా చేతికి కాస్త శానిటైజర్. అంతా పది నిమిషాల్లో అయిపోయింది. గంటసేపట్లో ఒక్క కుర్రాడు కూడా పెట్టె కొనలేదు.

అసలు సంగతంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలని 2016 ఏప్రిల్ నుంచి నిబంధన అమల్లో ఉంది. విడిగా కొనే పిల్లాడి చేతికి ఆ పెట్టే రాదు, ఇక బొమ్మ ఎక్కడ చూస్తాడు? పన్ను పెంచితే పెట్టె ధర వందల్లోకి వెళ్తుంది, విడి సిగరెట్ మాత్రం టీ డబ్బుల్లో సర్దుకుంటుంది. నలుగురు పంచుకుంటే ఇంకా చవక. బీడీల సంగతి సరేసరి. కర్ణాటక 2017లో, మహారాష్ట్ర 2020లో విడి అమ్మకాలను నిషేధించాయి. దేశమంతటా ఆపాలని పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా సిఫార్సు చేసింది. రెండు తెలుగు రాష్ట్రాలూ ముందుగా చేయాల్సిన పని ఏదని నన్నడిగితే ఇదే అంటాను. ఉత్తర్వు ఇచ్చి ఊరుకుంటే చాలదని కూడా తెలుసు. ఆ రాష్ట్రాల్లోనూ విడిగా అమ్మే కొట్లు మాయమైపోలేదు.

చట్టం ఇప్పటికే చాలా చెబుతోంది. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం, కోట్పా, ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వారికి అమ్మకూడదు, విద్యాసంస్థకు వంద గజాల లోపు అసలే అమ్మకూడదు. ఆ వంద గజాలు తెలిసేలా రోడ్డు మీద పసుపు గీత గీయాలని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. గీత దాటితే జరిమానా ఎంత? గరిష్ఠంగా 200 రూపాయలు. అది కొట్టువాడికి ఓ పూట బేరం కూడా కాదు. మరోవైపు 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద పిల్లలకు పొగాకు ఇస్తే ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. ఒక్క సిగరెట్ అమ్మాడని కిళ్లీ కొట్టువాడి మీద ఏడేళ్ల కేసు పెట్టడానికి ఏ కానిస్టేబుల్‌కు చేతులొస్తాయి? ఒకటి మరీ చిన్నది, ఒకటి మరీ పెద్దది. ఈ రెండింటి మధ్య పడి చట్టం పనిచేయడం లేదు.

ఆ కిళ్లీ కొట్టతన్ని నేను అడిగాను. దాచుకోకుండా చెప్పాడు. "నేనివ్వకపోతే అవతల వీధివాడు ఇస్తాడు సార్. సిగరెట్ మీద నాకు మిగిలేదెంత? దాని కోసం వచ్చినవాడు చాక్లెట్లు కొంటాడు, చిప్స్ కొంటాడు. అది నాకు బేరం. అందరికీ ఒకే రూలు పెట్టి ఆపమనండి, నేనూ ఆపేస్తాను" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. ఇంటి అద్దె, ఇద్దరు పిల్లల ఫీజులు ఆ డబ్బా మీదే వెళ్లాలి. ఆయన మాటలోనే దారి కూడా ఉంది. పొగాకు అమ్మే కొట్టుకు మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి విడిగా లైసెన్స్ ఉండాలి, అలాంటి కొట్టులో బిస్కెట్లు, చాక్లెట్లు, కూల్‌డ్రింకులు అమ్మకూడదు అని 2017లోనే కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు సూచించింది. చాక్లెట్ కోసం వెళ్లే కొట్టూ సిగరెట్ కోసం వెళ్లే కొట్టూ వేరైతే, ఐదో తరగతి పిల్లాడి కంటి ఎదుట ఆ పెట్టెలు ఉండవు. మైనర్‌కు అమ్మి రెండోసారి దొరికితే లైసెన్స్ పోతుందంటే కొట్టువాడే వయసు అడుగుతాడు. ఎవరినీ జైలుకు పంపనక్కర్లేదు.

సినిమాల మాట కూడా చెప్పుకోవాలి. హీరో ఎంట్రీలో పొగ వదిలితే ఈల పడుతుంది, కింద మూల చిన్న అక్షరాల్లో హెచ్చరిక పడుతుంది. రెండింట్లో పిల్లాడికి ఏది గుర్తుంటుందో మనకు తెలుసు. అమెరికాలో 10 నుంచి 14 ఏళ్ల పిల్లలపై చేసిన అధ్యయనం 2003లో 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో వచ్చింది. తెర మీద పొగతాగే సన్నివేశాలు బాగా ఎక్కువగా చూసిన పిల్లలు, తక్కువ చూసినవాళ్లకంటే దాదాపు 2.7 రెట్లు ఎక్కువగా సిగరెట్ మొదలుపెట్టారు. తల్లిదండ్రులు పొగతాగని ఇళ్ల పిల్లల మీదే ఈ ప్రభావం మరింత ఎక్కువ కనిపించింది. మా ఇంట్లో ఎవరూ తాగరు కాబట్టి మావాడికి రాదులే అనుకునే అమ్మానాన్నలు ఇది గుర్తుంచుకోవాలి.

వేప్‌ల, అంటే బ్యాటరీతో పనిచేసే ఈ-సిగరెట్ల, బెడద ఇంకొకటి. 2019లోనే దేశంలో ఈ-సిగరెట్లను పూర్తిగా నిషేధించారు, అయినా దొంగచాటుగా దొరుకుతున్నాయి. చూడటానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది, పళ్ల వాసన వస్తుంది, బట్టలకు పొగ కంపు పట్టదు. జేబులు తడిమే అమ్మకు దొరికినా అదేంటో తెలియదు. అమ్మాయిలు దీనివైపు వెళ్తున్నారని లెక్చరర్లు చెబుతుంటారు. వీధిలో నిలబడి సిగరెట్ తాగే వీలు వాళ్లకు లేదు, దీనికి ఆ ఇబ్బంది లేదు.

తోటివాళ్ల వల్ల వచ్చే అలవాటును తోటివాళ్లే ఆపగలరు. బ్రిటన్‌లో 59 బడుల్లో, పది వేల మందికి పైగా పిల్లలతో 'అసిస్ట్' అనే ప్రయోగం చేశారు. మీ క్లాసులో ఎవరి మాట మీరు వింటారో పేర్లు రాయమని పిల్లల్నే అడిగారు. ఎక్కువ పేర్లు వచ్చినవాళ్లకు రెండు రోజుల శిక్షణ ఇచ్చి, బస్సులో, భోజనాల దగ్గర, మామూలు కబుర్లలోనే పొగ మాట ఎత్తమన్నారు. ఆ బడుల్లో రెండేళ్ల పాటు పొగతాగే అలవాటు చెప్పుకోదగ్గ స్థాయిలో తగ్గింది. మన దగ్గర ఇలాంటివాటికి టీచర్లు ఎప్పుడూ ఫస్ట్ ర్యాంకర్‌నే నిలబెడతారు. టీ కొట్టు బ్యాచ్ ఆ ర్యాంకర్ మాట ఎందుకు వింటుంది? వెనక బెంచీలో కూర్చుని క్రికెట్ టీమ్ నడిపేవాడు చెబితే వింటుంది.

ఆ క్రికెట్‌కు చోటెక్కడ అన్నది ఇంకో ప్రశ్న. ఐస్‌లాండ్‌లో 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో 23 శాతం మంది రోజూ సిగరెట్ తాగేవారు. 2016కల్లా అది 3 శాతానికి పడిపోయింది. వాళ్లు ప్రచారం కంటే పిల్లల సాయంత్రాల మీద ఎక్కువ ఖర్చు పెట్టారు. ఆటలకు, సంగీతానికి ప్రభుత్వమే డబ్బిచ్చింది, పిల్లలతో ఎక్కువసేపు గడపాలని తల్లిదండ్రుల చేత ఒప్పందాల మీద సంతకాలు చేయించింది. మన ఇంటర్ పిల్లాడి రోజు చూడండి. తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి పది దాకా మళ్లీ స్టడీ అవర్, కాలేజీ అంటే నాలుగంతస్తుల బిల్డింగ్, మైదానం అన్నదే ఉండదు. మధ్యలో దొరికే ఇరవై నిమిషాల స్వేచ్ఛకు ఉన్న ఒకే ఒక్క చోటు టీ కొట్టు. దాన్ని తప్పుపట్టే ముందు ఇంకో చోటు మనం చూపించాం గదా అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలమా?

ఇంట్లో అయితే ఒక పని ఈ రోజే ఆపొచ్చు. "నాన్నా, కొట్టుకెళ్లి ఒక సిగరెట్ పట్రా" అని పిల్లాణ్ని పంపడం ఇప్పటికీ మన వీధుల్లో మామూలే. సిగరెట్ పట్టుకోవడం, డబ్బిచ్చి కొనడం, పేరు చెప్పి అడగడం వాడికి అలా అలవాటైపోతుంది. ఇక మొదటి దమ్ము ఒక్కటే మిగులుతుంది. మా మేనల్లుడూ చిన్నప్పుడు బావ కోసం అలా వెళ్లినవాడే. ఆ సంగతి నేను గుర్తుచేస్తే బావ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి కొడుకు పక్కన కూర్చుని, తను ఎన్నిసార్లు మానేయాలనుకున్నాడో, ఎన్నిసార్లు ఓడిపోయాడో చెప్పాడట. కొట్టినప్పుడు రాని మాట అప్పుడొచ్చింది, రోజుకు మూడు తాగుతున్నానని వాడే ఒప్పుకున్నాడు.

ఇప్పటికే అలవాటైన పిల్లాడికి తిట్లు పనిచేయవు, సాయం కావాలి. పొగాకు మానేయాలనుకునేవాళ్లకు సాయపడే జాతీయ క్విట్‌లైన్ నంబర్ 1800-11-2356. కాల్‌కు డబ్బులు పడవు. ఎప్పుడు తాగాలనిపిస్తుంది, అప్పుడు ఏం చేయాలి అని కౌన్సెలర్లు ఓపిగ్గా మాట్లాడతారు, మళ్లీ వాళ్లే ఫోన్ చేసి కనుక్కుంటారు. మావాడు మూడుసార్లు మాట్లాడాడు, రెండుసార్లు మానేసి మళ్లీ మొదలుపెట్టాడు, ఇప్పుడు ఇంకోసారి ప్రయత్నిస్తున్నాడు. ఆ నంబర్‌ను 2018 నుంచి సిగరెట్ పెట్టెల మీద ముద్రిస్తున్నారు. విడిగా కొనే పిల్లలకు అదీ కనబడదు. కాబట్టి బడి గోడ మీద, కాలేజీ నోటీసు బోర్డు మీద, బాత్రూం తలుపు లోపలి వైపు కూడా పెద్ద అక్షరాలతో రాయించండి.