దయ్యానికి మోకాళ్ల నొప్పులు

మొన్న ఒంగోలులో దయ్యం సినిమాకి పోయాను. పేరెందుకు, అన్నీ ఒకటే. ఇంటర్వెల్‌కి ముందు హీరోయిన్ కుళాయి తిప్పితే ఎర్రగా రక్తం కారింది. హాలంతా కెవ్వుమంది. నా పక్క సీట్లో ఉన్న కనిగిరి వైపు పెద్దాయన మాత్రం పాప్‌కార్న్ నములుతూ, "కుళాయిలో ఏదో ఒకటి వచ్చింది గదబ్బయ్యా, అదృష్టవంతురాలు" అన్నాడు. ఇక నాకు సినిమా ఎక్కితే ఒట్టు.

ఏ జాతి దేనికి జడుసుకుంటుందో దాని దయ్యం సినిమాలే చెబుతాయంటారు. నిజమే కావచ్చు. 1954 మార్చిలో అమెరికా బికినీ దీవుల్లో హైడ్రోజన్ బాంబు పేల్చితే ఆ బూడిద జపాన్ చేపల పడవ మీద పడింది. నవంబరుకల్లా జపాన్ వాళ్లు సినిమాలో గాడ్జిల్లా అనే రాకాసిని సముద్రంలోంచి లేపి టోక్యో మీదికి తోలారు. ఎనిమిది నెలలు! మరి మనం? తెల్లచీర, విరబోసిన జుట్టు, గజ్జెల చప్పుడు, పాడుబడ్డ బంగళా. ఈఎంఐ కట్టలేక చచ్చేవాడికి బంగళా ఎక్కడ ఏడ్చింది, అందులో దయ్యానికి భయపడటానికి?

డైరెక్టర్లకు నాదొక మనవి. ఆ దయ్యాన్ని ఒక్కసారి మా వైపు పల్లెకి తోలండి. పాడుబావిలో కాపురం పెట్టుకుంటుంది, బాడుగ కూడా లేదు. మొదట్లో బాగానే ఉంటుంది. పిల్ల దయ్యం ఉంటే దాని పళ్ల మీద గోధుమరంగు చారలు లేస్తాయి. కొన్నేళ్లకు తల్లికి మెడ పట్టేస్తుంది. తల గిర్రున తిప్పి జడిపించిన దయ్యం, పక్కకి చూడాలంటే దయ్యమంతా తిరగాల్సిందే. చింతచెట్టు ఎక్కలేదు. మాంత్రికుడొచ్చి, ముగ్గేసి, నిమ్మకాయ కోసి "కూర్చోవే!" అని గద్దిస్తాడు. "మోకాళ్లు వంగవు నాయనా, కుర్చీ వేయించు" అంటుంది. ఆయన వేపమండ పక్కన పెట్టి, "ఏ బోరు నీళ్లమ్మా?" అని తన నడుం పట్టుకుని మెల్లగా లేస్తాడు. ఆయనదీ ఆ ఊరే మరి. "పోనీ, కాచి తాగు" అని సలహా ఇస్తాడు. "కాస్తే ఫ్లోరైడ్ పోదయ్యా, నీళ్లు ఇంకి ఇంకా చిక్కబడుతుంది" అని దయ్యం విసుక్కుంటుంది. చివరికి ఇద్దరూ క్యాన్ నీళ్ల లైన్లో నిలబడతారు. దయ్యానికి ఆధార్ లేదు, అది వేరే సీను.

ఇక నవ్వలేను. నెల్లూరు జిల్లాలో జనం ఫ్లోరోసిస్‌తో, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే జబ్బుతో, వంకర్లు పోతున్నారని డాక్టర్లు 1937లోనే రాసి పెట్టారు. దేశంలోనే మొదటి రిపోర్టు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పటికి నెల్లూరులోవే. 1970లో ఒంగోలు జిల్లా చేశారు, తర్వాత ప్రకాశం అన్నారు. బోర్డులు రాసేవాళ్లకి పని దొరికింది. ఎనభై ఏళ్లు దాటిపోయింది! ఓట్లకొచ్చినవాడు కొన్న నీళ్ల సీసా సీలు మా ముందే తీసి గటగటా తాగుతూ "మీకు నీళ్లిస్తాం" అంటాడు. గొంతు పట్టుకోవాలనిపించదా? అదే కంపెనీ సీసాలు మళ్లీ షూటింగుల్లో, దయ్యం వేషం వేసినమ్మాయికి.

మా మేనమామ చివరి పదేళ్లు ఆకాశం చూడలేదు. మెడ లేచేది కాదు. పున్నమి రాత్రుల్లో అరుగు మీద నేలకేసి చూస్తూ, "చంద్రుడొచ్చాడారా?" అని మనవణ్ణి అడిగేవాడు.

ఆయనా తెల్లబట్టలే కట్టేవాడు. ఎవరూ జడుసుకోలేదు.